టీ రుచి కోసం తాగండి, మందు అనుకుని కాదు

"సిస్టరమ్మా, షుగరుకు ఏ టీ మంచిది?" "బీపీ తగ్గాలంటే ఎర్ర టీ తాగమంటున్నారు, తాగవచ్చునా?" "మా కోడలికి అయిదో నెల, గ్రీన్ టీ ఇవ్వమంటారా?" ఓ.పి.లోనూ వార్డుల్లోనూ ఈ ప్రశ్నలు నాకు దాదాపు రోజూ ఎదురవుతున్నాయి. ఇందులో ఆశ్చర్యం లేదు. ద్వారకా నగర్‌లో ఏ సూపర్ మార్కెట్‌కు వెళ్ళినా టీ పొడి పక్కనే తులసి, నిమ్మగడ్డి, మందారం, చామొమైల్, పెప్పర్‌మింట్, మల్లె గ్రీన్ టీ వరుసగా పేర్చి ఉంటున్నాయి. పెట్టెల మీద "రోగ నిరోధక శక్తి", "ప్రశాంత నిద్ర", "సన్నని నడుము" అని రాసి ఉంటుంది. అది కిరాణా సరుకో మందుల షాపు సరుకో తెలియదు.

ఈ పానీయాలకు నేను వ్యతిరేకిని కాను. వాటిలో కొన్ని చాలా బాగుంటాయి, కొన్ని మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్నవే. కాని ఒక మాట స్పష్టంగా చెప్పదలచుకున్నాను. రోగం పేరు చెప్పి టీ కొనవద్దు. నాలుకకు నచ్చినది కొనుక్కోండి, కొనే ముందు పెట్టె వెనుక ఏమి రాసి ఉందో చదవండి, మీరు ఏమి తాగుతున్నారో మీ డాక్టరు గారికి చెప్పండి. ఎందుకు ఇంతగా చెబుతున్నానో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ఏది టీ, ఏది కషాయం?

అసలైన టీ అంటే తేయాకు. బ్లాక్ టీ, గ్రీన్ టీ, వైట్ టీ అన్నీ ఒకే మొక్క ఆకులు. కోసిన తరువాత ఆకును ఎలా ఆరబెట్టారు, ఎంతసేపు గాలికి ఉంచారు అన్న దాన్ని బట్టి రంగు, రుచి మారతాయి. మనం రోజూ పాలు పోసి మరిగించే గుండ్రని పలుకుల టీ పొడిని "సీటీసీ" అంటారు. ఆకును యంత్రంలో నలిపి, చింపి, ఉండలు చుట్టే ఆ పద్ధతి 1930 ప్రాంతంలో అస్సాంలో మొదలయింది. త్వరగా రంగు దిగుతుంది, పాలకు తట్టుకుంటుంది కనుక అది మన దేశంలో ఇంటింటి టీ అయింది. ఆకు ఆకుగా కనబడేది విడి ఆకు టీ. దానికి పాలు అవసరం లేదు.

అస్సాం టీ తోటలకు మన ప్రాంతానికి పాత సంబంధమే ఉంది. బ్రిటిషు వారి కాలంలో విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి ఎందరో పేద కూలీలు ఆ తోటలలో పనికి వెళ్ళారు. వారి సంతతిలో తెలుగు మూలాలు గలవారు ఇప్పటికీ అక్కడ ఉన్నారు.

ఇక తులసి టీ, అల్లం టీ, మందారం టీ అనే వాటిలో చాలావరకు తేయాకు ఉండదు. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2025 డిసెంబరులో ఈ విషయమే తేల్చి చెప్పింది. తేయాకు మొక్క నుంచి రాని పానీయాలను "టీ" అని పిలవడం తప్పుదారి పట్టించడమేనన్నది. ఇది మనకు కొత్త సంగతి కాదు. ధనియాలు మరిగిస్తే ధనియాల కషాయం అన్నాము, సొంఠి మరిగిస్తే సొంఠి కషాయం అన్నాము. టీ అనలేదు. కషాయం అన్న మాటతో పాటే "రెండు రోజులు తాగి చూడు, ఎక్కువ తాగకు" అన్న జాగ్రత్త కూడా మన పెద్దలు చెప్పేవారు. టీ అనగానే ఆ జాగ్రత్త పోయి రోజుకు అయిదు కప్పుల అలవాటు వచ్చింది.

మేము రుచి చూసిన విధానం

ఆ మధ్య ఒక సాయంత్రం డ్యూటీ లేని నర్సులం ఆరుగురం కూర్చుని పది రకాలు రుచి చూశాము. పెట్టెలు కనబడకుండా కప్పులకు నంబర్లు వేశాము. పాలు లేవు, పంచదార లేదు. అన్నిటికీ ఒకే నీళ్ళు, ఒకే కొలత.

టీ వ్యాపారంలో రుచి చూసేవారికి దీని కోసం ఒక అంతర్జాతీయ పద్ధతి ఉంది. 1980లో ప్రచురించిన ఆ ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల మరిగే నీళ్ళకు 2 గ్రాముల ఆకు వేసి, 6 నిమిషాలు ఉంచాలి. అది కమ్మని టీ కాచే పద్ధతి కాదు, తేడాలు బయటపడే పద్ధతి. మేమూ అలాగే చేశాము. ఆ నిపుణులు చెంచాతో తీసుకుని "సుర్రు"మని గట్టిగా పీలుస్తారు. ఇంట్లో పిల్లలు అలా చేస్తే కోప్పడతాము గాని, అలా పీల్చినప్పుడు గాలితో పాటు వాసన ముక్కుకు చేరి రుచి పూర్తిగా తెలుస్తుంది. జలుబు చేసినప్పుడు కూరలు చప్పగా ఉండటానికి కారణం కూడా ఇదే. రుచిలో సగం ముక్కుదే.

మా పది కప్పులు

మొదట అస్సాం విడి ఆకు. ముదురు రంగు, నాలుకను పట్టే వగరు. పాల టీ అలవాటయిన వాళ్ళకు మొదటి గుక్క కటువుగా ఉన్నా, మూడో గుక్కకు దాని అసలు రుచి తెలిసింది. పాలు పంచదారల కింద మనం ఇన్నాళ్ళూ దాచి తాగింది ఈ వగరునే. 

రెండోది ఎర్ల్ గ్రే. బెర్గమాట్ అనే నారింజ జాతి పండు తొక్క నూనెతో తేయాకుకు వాసన పట్టిస్తారు. మాలో ఇద్దరికి బాగా నచ్చింది, ఒకరు "సబ్బు వాసన" అన్నారు. ఫ్లేవర్డ్ టీల సంగతి అంతే, ఒకరికి సుగంధం, ఇంకొకరికి అత్తరు.

మూడోది మల్లె గ్రీన్ టీ. చైనాలో సంప్రదాయ పద్ధతిలో ఆకును, విచ్చుకునే మల్లెలను పొరలు పొరలుగా పరిచి రాత్రంతా ఉంచి, ఉదయం పూలు తీసేస్తారు. పూలతో కలిసిన నారకు వాసన అబ్బిందన్న మన సామెత అక్కడ ఆకుకు జరుగుతుందన్నమాట. అందరికీ నచ్చింది, కాని మరిగే నీళ్ళలో 6 నిమిషాలు ఉంచేసరికి చేదు దిగింది. గ్రీన్ టీకి బాగా మరిగిన నీళ్ళు పనికిరావు. మరిగాక నాలుగైదు నిమిషాలు ఆగి, ఆకు వేసి, రెండు మూడు నిమిషాలలో వడకట్టాలి. "గ్రీన్ టీ చేదు, అందుకే మంచిది" అని కళ్ళు మూసుకుని మింగేవారు దయచేసి ఇలా చేసి చూడండి. చేదు మంచితనానికి గుర్తు కాదు, తప్పుగా కాచినందుకు గుర్తు.

నాలుగోది తులసి. లవంగం వాసన వచ్చింది. రెండింటిలోనూ యూజినాల్ అనే పదార్థం ఉండటమే కారణం. కొంచెం ఘాటు, చివర్లో కొంచెం చేదు. 

అయిదోది నిమ్మగడ్డి. నిమ్మ తొక్కలో ఉండే సిట్రాల్ ఇందులోనూ ఉంది, అందుకే పులుపు లేకుండా నిమ్మ వాసన. చక్కెర లేకపోయినా ఎవరూ ముఖం చిట్లించని కప్పు ఇది. కుండీలో ఒక దుబ్బు పెంచుకుంటే ఏడాదంతా వస్తుంది. పెట్టె కొనవలసిన పని లేదు.

ఆరోది మందారం అని అమ్మే ఎర్ర టీ. రక్తం రంగు, పళ్ళు పులిసే పులుపు. విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒక నర్సు చప్పరించి, "ఇది మన గోంగూరే కదండీ!" అన్నది. అక్షరాలా నిజం. పెట్టెలో ఉన్నది పూజకు కోసే మందారం కాదు, గోంగూర మొక్క పువ్వు రాలిన తరువాత కాయ చుట్టూ ఎదిగే ఎర్రని రేకులు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో నార కోసం గోగు వేసే రైతులకు ఈ మొక్క బాగా తెలుసు. గోంగూర కాయల పచ్చడి తిన్నవారికి ఈ పులుపు కొత్త కాదు. మన పొలం గట్టు మీది కాయ విదేశీ పేరుతో రంగుల పెట్టెలో తిరిగి మన దగ్గరకే వచ్చింది.

ఏడోది చామొమైల్. ఎండు గడ్డి, పండిన యాపిల్ కలిసినట్టు మెత్తని వాసన. మాలో సగం మందికి చప్పగా అనిపించింది. దీన్ని చామంతి టీ అని పిలుస్తున్నారు గాని, ఇది దండలు గుచ్చే మన చామంతి కాదు, ఆ కుటుంబానికే చెందిన వేరే మొక్క. బజారులో దొరికే దండల పూలను దయచేసి మరిగించవద్దు. వాటిపై పురుగుమందులు చల్లి ఉంటాయి. చామంతి జాతి పూలకు తుమ్ములు, దద్దుర్లు వచ్చేవారు చామొమైల్ కూడా మానుకోవాలి.

ఎనిమిదోది పెప్పర్‌మింట్. నోరంతా చల్లబడింది. భోజనం తరువాత హాయిగా ఉంటుంది. అయితే గుండెలో మంట, పులితేన్పులు ఉన్నవారికి ఇది మంటను పెంచవచ్చు. 

తొమ్మిదోది శంఖుపువ్వు. చక్కని నీలి రంగు, రుచి మాత్రం దాదాపు లేదు. నిమ్మరసం నాలుగు చుక్కలు పిండితే ఊదా రంగుకు మారింది. పిల్లలకు చూపించడానికి బాగుంటుంది.

పదోది "రోగ నిరోధక శక్తి" అని రాసి ఉన్న మిశ్రమం. పంచదార వేయలేదు, అయినా తియ్యగా ఉంది. ఎక్కువమంది దీనికే మొదటి మార్కు ఇచ్చారు. వారిలో ఇద్దరు బీపీ మాత్రలు వాడుతున్నవారు. పెట్టె వెనుక చదివితే ఆ తీపి ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది. అది అతిమధురం.

తియ్యగా ఉన్న ప్రతిదీ మిత్రుడు కాదు

అతిమధురాన్ని పెట్టెల మీద యష్టిమధు అనీ, ములేఠీ అనీ, లికొరైస్ అనీ రాస్తారు. గొంతు నొప్పికి చిన్న ముక్క చప్పరించడం మనకు తెలిసినదే, దాని వల్ల భయం లేదు. రోజుకు రెండు మూడు కప్పుల చొప్పున వారాల తరబడి తాగితే సంగతి వేరు. అందులోని గ్లిసరైజిన్ శరీరంలో ఉప్పును, నీటిని నిలవ ఉంచి, పొటాషియాన్ని బయటకు పంపుతుంది. బీపీ పెరుగుతుంది, కాళ్ళు వాస్తాయి, కండరాలు నీరసిస్తాయి, గుండె లయ తప్పవచ్చు. నీరు పోయే మాత్రలు వాడేవారికి పొటాషియం ముందే తక్కువగా ఉంటుంది కనుక ప్రమాదం ఇంకా ఎక్కువ. మాత్రలు సక్రమంగా వేసుకుంటున్నా బీపీ ఎందుకు దిగడం లేదో అర్థం కాని ఇంట్లో, జవాబు కొన్నిసార్లు వంటింటి అలమరలో ఉంటుంది.

నాలుకతో ఎంచుకోండి, కళ్ళతో సరిచూసుకోండి అని నేను చెప్పేది ఇందుకే.

రెండో పేరు సునాముఖి. పెట్టె మీద సెన్నా అని ఉంటుంది. "స్లిమ్మింగ్ టీ", "డిటాక్స్ టీ" అని అమ్మే వాటిలో ఇది తరచుగా కనబడుతుంది. ఇది విరేచనాల మందు. తాగిన మర్నాడు త్రాసు మీద నిలబడితే బరువు తగ్గినట్టే కనబడుతుంది. తగ్గినది నీరు, కొవ్వు కాదు. పెళ్ళి దగ్గర పడుతున్న ఆడపిల్లలు ఇలాంటివి నెలల తరబడి తాగి, నీరసంతో, కాళ్ళు పీకులతో రావడం చూస్తున్నాము. పెళ్ళిచీరకు నాలుగు కిలోలు తగ్గాలని తల్లులే కొనిపెడుతున్నారు. అమ్మలారా, దయచేసి ఆ పని చేయకండి.

మూడోది తిప్పతీగ. 2020లో కోవిడ్ భయంతో దీన్ని ఇంటింటా మరిగించారు. 2021లో ముంబయి కాలేయ వైద్యులు ఈ తీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్టు ఒక వైద్య పత్రికలో రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణను అంగీకరించలేదు. ఆ చర్చ పెద్దలది. నర్సుగా నేను చెప్పేది చిన్న మాట. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు పసుపుగా వచ్చినా ఏ ఆకు కషాయమైనా ఆపి వెంటనే ఆసుపత్రికి రండి, ఏమి తాగారో చెప్పండి. 

గ్రీన్ టీ విషయంలో కూడా కాచుకున్న కప్పు వేరు, గ్రీన్ టీ సారం నింపిన గొట్టం మాత్రలు వేరు. అటువంటి మాత్రల ద్వారా ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకుంటే కాలేయానికి ఇబ్బంది కలగవచ్చని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది.

"గోంగూర టీతో బీపీ తగ్గుతుందట కదా?"

ఈ మాటలో కొంత నిజం ఉంది, కాబట్టి దాన్ని కొట్టిపారేయను. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వారు 65 మందికి పరీక్ష జరిపి 2010లో ఫలితాలు ప్రచురించారు. ఆరు వారాల పాటు రోజుకు మూడు కప్పులు ఈ ఎర్ర పానీయం తాగిన వారికి పై బీపీ సగటున 7 పాయింట్ల దాకా తగ్గింది. ఉత్తుత్తి పానీయం తాగినవారికి 1 పాయింటు పైచిలుకు తగ్గింది.

అయితే ఆ 65 మంది ఎవరు? బీపీ కొద్దిగా ఎక్కువగా ఉండి, ఇంకా మందులు మొదలుపెట్టనివారు. మన ఓ.పి.కి 170, 180తో వచ్చే పెద్దాయనకు 7 పాయింట్లు ఏ మూలకు? ఆయన మాత్ర మానేసి టీ పట్టుకుంటే పక్షవాతం ముంగిట నిలబడినట్టే. మాత్ర వేసుకుంటూనే దీన్ని కూడా తాగుతానంటే, కళ్ళు తిరుగుతున్నాయేమో గమనించుకోవాలి, డాక్టరు గారికి చెప్పాలి. అదే పానీయం, ఇద్దరు మనుషులు, రెండు ఫలితాలు. "బీపీకి మంచిది" అన్న ఒక్క ముక్క పెట్టె మీద రాసేవారికి ఈ తేడాతో పని లేదు, మనకు ఉంది.

అసలు లాభం ఎక్కడ ఉంది?

నా లెక్కలో ఈ పానీయాల గొప్ప గుణం వాటిలో ఉన్నది కాదు, లేనిది. పంచదార. 

మన పాల టీలో కప్పుకు రెండు చెంచాలంటే సుమారు 8 నుంచి 10 గ్రాముల చక్కెర. స్టీల్ ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ చేసేవారు, పోర్టులో పనిచేసేవారు రోజుకు అయిదారు కప్పులు తాగుతారు. అయిదు కప్పులకు 40 నుంచి 50 గ్రాములు. విడిగా కలుపుకునే చక్కెరను పెద్దవారు 25 గ్రాముల లోపు ఉంచుకుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అంటే స్వీటు ముక్క ముట్టకుండానే, ఒక్క టీతోనే దానికి రెట్టింపు వరకు తినేస్తున్నాము. వాటిలో మూడు కప్పులను చక్కెర లేని నిమ్మగడ్డితోనో ఆకు టీతోనో మార్చుకున్నవారికి నెల తిరిగేసరికి కలిగే మేలు ఏ పెట్టె మీది వాగ్దానం కన్నా పెద్దది. అందుకే రుచి ముఖ్యం. రుచిగా లేని దాన్ని చక్కెర లేకుండా నాలుగు రోజుల కన్నా ఎవరూ తాగలేరు. దానిలో రెండు చెంచాల తేనె పోసుకుంటే మళ్ళీ మొదటికే వచ్చినట్టు. తేనె కూడా చక్కెరే. నీళ్ళలో కలిపేసే లెమన్ టీ పొడులు, సీసాల్లో అమ్మే ఐస్‌డ్ టీలు చాలావరకు చక్కెర నీళ్ళే, పేరు చూసి మోసపోకండి.

నైట్ డ్యూటీ వారికి ఇంకో మాట. తేయాకులో కెఫీన్ ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం ఒక కప్పు టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు, రోజు మొత్తానికి 300 మించకూడదు. గ్రీన్ టీలోనూ కెఫీన్ ఉంటుంది. తులసి, నిమ్మగడ్డి, గోంగూర, చామొమైల్‌లో ఉండదు. డ్యూటీ దిగి పగలు పడుకోబోయే ముందు తాగేందుకు ఇవి నయం.

రక్తహీనత, థైరాయిడ్, కిడ్నీ ఉన్నవారికి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తం తక్కువగా ఉన్నట్టు తేలింది. మనలో చాలామందికి టిఫిను ప్లేటు పక్కనే టీ కప్పు ఉండాలి. టీలోని వగరు పదార్థాలు ఆకుకూరలలో, పప్పులలో ఉన్న ఇనుమును పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. హెర్బల్ అయితే ఫరవాలేదనుకుంటారు. 1999లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో రొట్టెతో పాటు బ్లాక్ టీ తాగినప్పుడు ఇనుము ఒంటపట్టడం 79 నుంచి 94 శాతం, పెప్పర్‌మింట్‌తో 84 శాతం, చామొమైల్‌తో 47 శాతం తగ్గింది. కాబట్టి ఏ టీ అయినా భోజనానికి గంట ముందు, గంట తరువాత వద్దు. పోషకాహార సంస్థ చెబుతున్నదీ ఇదే. భోజనంలో నిమ్మకాయ పిండుకుంటే మాత్రం ఇనుము బాగా పడుతుంది. ఇనుము మాత్రను టీతో మింగడం డబ్బును, మాత్రను రెండింటినీ పారబోసుకోవడమే.

థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్ళతోనే వేసుకోవాలి. అరగంట నుంచి గంట వరకు టీ, కాఫీ ముట్టకూడదు. రక్తం పలచబడే వార్‌ఫరిన్ వాడేవారు గ్రీన్ టీ గాని, ఏ మూలికల పానీయం గాని కొత్తగా మొదలుపెట్టే ముందు తప్పక అడగాలి.

కిడ్నీ జబ్బు, గుండె బలహీనత ఉన్నవారికి రోజుకు ఇన్ని నీళ్ళే అని డాక్టరు గారు కొలత ఇస్తారు. వార్డులో మేము ప్రతి గుక్కా చార్టులో రాస్తాము. ఇంటికి వెళ్ళాక రోగి మంచినీళ్ళు మాత్రం లెక్కపెట్టి, "అది మందే కదా" అని నాలుగు కప్పుల హెర్బల్ టీ లెక్కలోకి తీసుకోడు. నాలుగు కప్పులంటే 600 మిల్లీలీటర్లు. లీటరు కొలత ఉన్న మనిషికి అది సగానికి పైన. కాళ్ళ వాపుతో, ఆయాసంతో అర్ధరాత్రి ఆంబులెన్సులో తిరిగి వస్తాడు. కషాయమైనా నీరే, చారు అయినా నీరే. అన్నీ లెక్కలోవే.

ఆరు నెలల లోపు పసిపిల్లలకు తల్లిపాలు తప్ప వాము నీళ్ళు గాని, ఏ కషాయం గాని పట్టవద్దు. ఏడాది నిండేవరకు తేనె నాకించవద్దు.

అమ్మమ్మల మాటేమిటి?

"మా అమ్మమ్మ కషాయాలతోనే మమ్మల్ని పెంచింది, మీరు కాదంటారేమిటి?" అని కొందరు నిష్ఠూరంగా అడుగుతారు. ఆ అమ్మమ్మల మీద నాకు గౌరవమే. వారు చేసినది గుర్తు తెచ్చుకోండి. జలుబు చేస్తే పెరటిలోని తులసి నాలుగు ఆకులు, మిరియాలు నాలుగు గింజలు. రెండు పూటలు, మూడు రోజులు. తగ్గకపోతే డాక్టరు దగ్గరకు. ఆకు ఏదో వారికి తెలుసు, ఎంత వేయాలో తెలుసు, ఎప్పుడు ఆపాలో తెలుసు. 2020లో ఆయుష్ మంత్రిత్వ శాఖ సలహా ఇచ్చిన కషాయం కూడా రోజుకు ఒకటి రెండు సార్లే. మనవాళ్ళు ఫ్లాస్కులలో పోసుకుని రోజంతా తాగారు, కడుపులో మంటలు తెచ్చుకున్నారు.

పైగా అమ్మమ్మ బీపీకి ఒకటి, షుగరుకు రెండు, గుండెకు మూడు మాత్రలు వేసుకోలేదు. మనం వేసుకుంటున్నాము. ఒంట్లో ఇప్పటికే నాలుగు మందులు పనిచేస్తున్నప్పుడు అయిదోది కలిపితే ఏమవుతుందో అమ్మమ్మ అనుభవం చెప్పలేదు.

మీకు నా విన్నపం

ఆసుపత్రికి వచ్చినప్పుడు మందుల చీటీలతో పాటు మీరు తాగే టీ పెట్టెలను, పొడుల డబ్బాలను కూడా సంచిలో వేసుకుని రండి. మేము కోప్పడము. చదివి చెబుతాము. చేర్చుకునేటప్పుడు "ఏ మందులు వాడుతున్నారు?" అని అడగడంతో ఆగకుండా "ఏ టీలు, కషాయాలు తాగుతున్నారు?" అని అడగడం కూడా ప్రతి నర్సు అలవాటు చేసుకోవాలని నా అభిప్రాయం. ఒక్క ప్రశ్న అదనంగా అడిగితే పోయేది అర నిమిషం.

కొనేటప్పుడు ఈ నాలుగు పనులు చేయండి:

1. పదార్థాల జాబితా చదవండి. అతిమధురం, సునాముఖి, చక్కెర ఉన్నాయేమో చూడండి. ఇంగ్లీషు చదవలేకపోతే పిల్లల చేత చదివించుకోండి. జాబితా లేని పెట్టె కొనవద్దు.

2. వీలయితే విడి ఆకు కొనండి. ఆకు, పువ్వు, వేరు కంటికి కనబడతాయి. సంచిలో పొడి అయితే ఏముందో చెప్పలేము. నికర బరువు చూసి ధర లెక్కకట్టుకుంటే పెట్టె అందం ఖరీదు ఎంతో తెలిసిపోతుంది.

3. లూజు టీ పొడిలో రంగు కలిపారని అనుమానం ఉంటే, వడపోత కాగితం మీద కొంచెం పొడి పరిచి నీళ్ళు చిలకరించండి. పొడి తీసేసి కాగితాన్ని కుళాయి కింద కడిగి వెలుతురులో చూడండి. మంచి టీ అయితే మరక ఉండదు. నల్లని గోధుమ రంగు మరక ఉంటే రంగు కలిసినట్టే.

4. పొగలు కక్కుతుండగా తాగవద్దు. 65 డిగ్రీలకు మించిన వేడి పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కావచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించింది. రెండు మూడు నిమిషాలు ఆరనివ్వండి. చల్లారితేనే రుచి కూడా బాగా తెలుస్తుంది.

ఇంట్లో నలుగురు కలిసిన రోజున మీరు కూడా మాలాగే కప్పులకు నంబర్లు వేసి, చక్కెర లేకుండా రుచి చూడండి. ఎవరికి ఏది నచ్చిందో రాసుకోండి. తాతగారికి అల్లం నచ్చవచ్చు, పిల్లకు శంఖుపువ్వు రంగు నచ్చవచ్చు. నచ్చినది తాగండి. మాత్ర మాత్రం డాక్టరు గారు రాసిన వేళకు, మంచినీళ్ళతో వేసుకోండి.